పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లు, కచేరీలు: అభిమానుల జ్ఞాపకాలు

పింక్ ఫ్లాయిడ్ ఇంగ్లండుకు చెందిన ప్రోగ్రెసివ్ రాక్ బృందం. ఆ బృందం ఆల్బమ్‌లను విన్నవారు, కచేరీలను చూసినవారు తమ అనుభవాలను చెప్పుకున్నారు, రాసుకున్నారు, టేపుల్లో పట్టుకున్నారు, వస్తువుల రూపంలో దాచుకున్నారు. వీటన్నిటినీ కలిపి ఈ వ్యాసంలో అభిమానుల జ్ఞాపకాలు అంటున్నాం. రాక్ సంగీత చరిత్ర రచనకు ఇవి ఒక ఆధారంగా ఉపయోగపడుతున్నాయి. పింక్ ఫ్లాయిడ్ విషయంలో వీటికి అదనపు విలువ ఉంది. ఈ బృందం తన ముఖ్యమైన రచనలు కొన్నింటిని రికార్డుగా విడుదల చేయడానికి నెలల ముందే, కొన్నిసార్లు సంవత్సరాల ముందే వేదికపై వినిపించింది. ఆ తొలి రూపాలలో చాలావాటికి చాలాకాలం పాటు ప్రేక్షకుల టేపులు, జ్ఞాపకాలు తప్ప వేరే ఆధారం దొరకలేదు.

బృందం: సంక్షిప్త పరిచయం

లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో వాస్తుశిల్పం చదువుతూ కలుసుకున్న రోజర్ వాటర్స్ (బేస్ గిటార్, గాత్రం), నిక్ మేసన్ (డ్రమ్స్), రిచర్డ్ రైట్ (కీబోర్డులు) అనే ముగ్గురితో సిడ్ బారెట్ (గిటార్, గాత్రం) చేరాక 1965లో ఈ బృందం రూపుదిద్దుకుంది. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ కళాకారుల పేర్ల నుంచి బారెట్ బృందానికి పేరు కూర్చాడు. బారెట్ మానసిక స్థితి దెబ్బతినడంతో డేవిడ్ గిల్మూర్ (గిటార్, గాత్రం) వచ్చి చేరాడు. 1968 ఏప్రిల్‌లో బారెట్ నిష్క్రమణ అధికారికమైంది. వాటర్స్ 1985లో వైదొలిగాడు. బారెట్ 2006లో, రైట్ 2008లో మరణించారు.

సుదీర్ఘమైన రచనలు, ఒకే ఇతివృత్తం చుట్టూ అల్లిన ఆల్బమ్‌లు, స్టూడియో ప్రయోగాలు ప్రోగ్రెసివ్ రాక్ లక్షణాలు (చూ. కాన్సెప్ట్ ఆల్బమ్). యెస్, జెనెసిస్, కింగ్ క్రిమ్సన్ వంటి సమకాలీన బృందాలు వాద్య నైపుణ్యానికి పెద్దపీట వేశాయి. పింక్ ఫ్లాయిడ్ ధ్వని విస్తృతిపైన, దృశ్యంపైన, నెమ్మదైన నడకపైన ఆధారపడింది. అందుకే దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ కింద లెక్కించాలా వద్దా అన్న చర్చ విమర్శకులలో కొనసాగుతూనే ఉంది.

చారిత్రక క్రమం

*క్లబ్బుల కాలం (1966–68).* లండన్‌లోని టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో 1966 డిసెంబరులో మొదలైన యూఎఫ్‌ఓ క్లబ్బు ప్రేక్షకుల నుంచి తొలి జ్ఞాపకాలు వచ్చాయి. వాటిలో పాటల కంటే వెలుతురు ఎక్కువ కనిపిస్తుంది. గాజు స్లైడ్ల మధ్య రంగు ద్రవాలు పోసి, వేడిచేసి, ప్రొజెక్టరుతో వాద్యకారులపై ప్రసరింపజేసేవారు. వేడికి కదిలే రంగుల వెనుక వాయించేవారి ముఖాలు కూడా సరిగా కనిపించేవి కావు. 1967 మే 12న క్వీన్ ఎలిజబెత్ హాలులో జరిగిన ‘గేమ్స్ ఫర్ మే’ కచేరీలో శబ్దాన్ని హాలు చుట్టూ తిప్పే అజిమత్ కోఆర్డినేటర్ అనే పరికరాన్ని ప్రయోగించారు. సబ్బు బుడగలు, పూలు వెదజల్లడంతో కుర్చీలకు మరకలు పడ్డాయని ఆ హాలు బృందాన్ని మళ్ళీ రానివ్వలేదు. ఆ కచేరీ ముగిశాక పరికరం చోరీకి గురైంది. తర్వాత తయారైన దాన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం భద్రపరిచింది.

లండన్ బయట పరిస్థితి వేరు. రేడియోలో విన్న చిన్న పాటల కోసం వచ్చిన శ్రోతలకు పొడవైన వాద్య ప్రయోగాలు రుచించలేదు. బాల్కనీ నుంచి బీరు కుమ్మరించిన సందర్భాలూ ఉన్నాయని మేసన్ తన ‘ఇన్‌సైడ్ అవుట్’ (2004) పుస్తకంలో నమోదు చేశాడు. అందువల్ల 1967 నాటి జ్ఞాపకాలు చదివేటప్పుడు అవి ఏ ఊరివో చూడటం అవసరం.

*విడుదలకు ముందు వేదిక (1969–75).* 1969లో బృందం ‘ద మ్యాన్ అండ్ ద జర్నీ’ అనే కచేరీ రచనను ప్రదర్శించింది. అందులో ఒక ఘట్టంలో వాద్యకారులు వేదికపైనే కలప కోసి, మేకులు కొట్టి బల్ల తయారుచేసేవారు. తర్వాత టీ తాగేవారు. ఈ రచన ఆ రోజుల్లో ఆల్బమ్‌గా రాలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రికార్డయిన ప్రదర్శన 2016లో ‘ద ఎర్లీ ఇయర్స్’ సంకలనంలో వెలువడే వరకు ఇది ప్రేక్షకుల మాటల్లో, అనధికార టేపుల్లో మాత్రమే మిగిలింది.

‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ను బృందం 1972 జనవరి 20న బ్రైటన్ డోమ్‌లో తొలిసారి వాయించింది. సాంకేతిక లోపం వల్ల మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మరునాడు పోర్ట్‌స్మత్‌లో పూర్తిగా వినిపించింది. ఫిబ్రవరిలో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో జరిగిన కచేరీల నుంచి ఒకదాన్ని ఎవరో రికార్డు చేసి, బూట్‌లెగ్ (అనధికార) ఎల్పీగా అమ్మారు. 1973 మార్చిలో అసలు ఆల్బమ్ వచ్చేసరికి దాని ప్రాథమిక రూపం చాలామంది ఇళ్ళల్లో మోగుతోంది.

1975, 1977 ఆల్బమ్‌ల పాటలకూ ఇదే జరిగింది. ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ను 1974 వేసవిలో ఫ్రాన్స్ ప్రేక్షకులు విన్నారు. ఆ ఏడాది బ్రిటన్‌లో వినిపించిన ‘రేవింగ్ అండ్ డ్రూలింగ్’, ‘యూ హావ్ గాట్ టు బి క్రేజీ’ అనే రెండు పాటలు 1977 నాటి ‘యానిమల్స్’లో ‘షీప్’, ‘డాగ్స్’ అనే పేర్లతో, మారిన సాహిత్యంతో వచ్చాయి. అప్పటి కచేరీలకు వెళ్ళినవారు ఒకే పాట ఎదుగుదలను రెండు మూడు దశల్లో విన్నారు.

*స్టేడియంలు, గోడ (1977–81).* 1977 పర్యటన చివరి కచేరీ జూలై 6న మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో జరిగింది. నెమ్మదైన పాట మధ్య టపాసులు పేలడంతో వాటర్స్ మైకులోనే మందలించాడు. అదే కచేరీలో వేదిక ముందున్న ఒక ప్రేక్షకుడిపై ఉమ్మివేశాడు. తనకూ ప్రేక్షకులకూ మధ్య పెరిగిన దూరం గురించిన ఆలోచన ఈ ఘటనతోనే మొదలై ‘ద వాల్’ (1979)కు దారితీసిందని అతనే తర్వాత అనేక ఇంటర్వ్యూల్లో వివరించాడు.

‘ద వాల్’ ప్రదర్శన నాలుగు నగరాల్లో మొత్తం 31 సార్లు మాత్రమే జరిగింది: లాస్ ఏంజిలస్ 7, న్యూయార్క్ శివారులోని నసావ్ కొలిసీయం 5, లండన్ ఎర్ల్స్ కోర్ట్ 11, డార్ట్‌మండ్ 8. పాటలు సాగుతుండగానే సహాయకులు అట్ట ఇటుకలు పేర్చి ప్రేక్షకులకూ బృందానికీ మధ్య సుమారు 12 మీటర్ల ఎత్తు గోడ కట్టేవారు. విరామం వేళకు గోడ పూర్తయ్యేది. రెండో భాగంలో గిల్మూర్ గోడపైన నిలబడి గిటార్ వాయించే ఘట్టం, చివర గోడ కూలే ఘట్టం ప్రేక్షకుల కథనాల్లో అత్యధికంగా కనిపిస్తాయి. 1980 ఫిబ్రవరి 7న లాస్ ఏంజిలస్ తొలి ప్రదర్శనలో బాణసంచా వల్ల తెరకు నిప్పంటుకుంది. మంటలార్పే వరకు కచేరీ ఆపారు. అది ప్రదర్శనలో భాగమేనని మొదట చాలామంది అనుకున్నారు.

*వాటర్స్ నిష్క్రమణ తర్వాత (1987–94).* గిల్మూర్, మేసన్, రైట్ భారీ పర్యటనలు చేశారు. 1989 జూలై 15న వెనిస్‌లో నీటిపై తేలే వేదిక నుంచి ఉచిత కచేరీ ఇచ్చారు. హాజరు సుమారు 2 లక్షలని అంచనా. చారిత్రక కట్టడాలకు హాని కలగకుండా శబ్దస్థాయిపై పరిమితి విధించారు. మరుగుదొడ్లు, చెత్త తొలగింపు ఏర్పాట్లు చాలక తలెత్తిన దుమారంలో నగర పాలకవర్గం రాజీనామా చేసింది. సంగీతం విన్న పర్యాటకుల జ్ఞాపకం ఒకటైతే, మరునాడు చెత్త మధ్య లేచిన నగరవాసుల జ్ఞాపకం మరొకటి. 1994 అక్టోబరు 12న ఎర్ల్స్ కోర్ట్‌లో కచేరీ మొదలవుతుండగా సుమారు 1200 మంది కూర్చునే తాత్కాలిక గ్యాలరీ కూలింది. చాలామంది గాయపడ్డారు, ప్రాణనష్టం జరగలేదు. ఆ కచేరీని వాయిదా వేసి 17న నిర్వహించారు.

*పునస్సమాగమం (2005).* 2005 జూలై 2న లండన్ హైడ్ పార్క్‌లో లైవ్ 8 కచేరీలో వాటర్స్, గిల్మూర్, మేసన్, రైట్ కలిసి వాయించారు. 1981 తర్వాత నలుగురూ ఒకే వేదికపై వాయించడం అదే మొదటిసారి. అదే చివరిసారి కూడా అయింది.

జ్ఞాపకాల రకాలు

1. *వినికిడి జ్ఞాపకాలు:* ఆల్బమ్‌ను మొదటిసారి ఎక్కడ, ఎవరితో, ఏ పరికరంపై విన్నారన్న కథనాలు. ‘డార్క్ సైడ్’ స్టీరియో నాణ్యతకు గీటురాయిగా పేరుపడటంతో కొత్త స్పీకర్లు, హెడ్‌ఫోన్లు పరీక్షించుకోవడానికి దీన్నే వాడామనే మాట వీటిలో తరచూ వస్తుంది.

2. *కచేరీ జ్ఞాపకాలు:* టిక్కెట్టు కోసం వరుసలో నిలబడటం, ప్రయాణం, వాతావరణం, కూర్చున్న చోటు, వాయించిన పాటల క్రమం. పాటల క్రమం చరిత్రకారులకు అత్యంత ఉపయోగకరం.

3. *వస్తురూప జ్ఞాపకాలు:* ‘డార్క్ సైడ్’ తొలి ఎల్పీలతో వచ్చిన రెండు పోస్టర్లు, పిరమిడ్ స్టిక్కర్లు. కచేరీల కరపుస్తకాలు, టిక్కెట్టు ముక్కలు. వెన్నుపై ఎర్ర లైటు మిణుకుమనే 1995 నాటి ‘పల్స్’ సీడీ పెట్టె. 1975 నాటి ‘విష్ యూ వర్ హియర్’ ఎల్పీ నల్లటి ప్లాస్టిక్ తొడుగులో వచ్చింది. దానిపై యంత్ర హస్తాలు కరచాలనం చేస్తున్న స్టిక్కరు ఉండేది. తొడుగు చించితేనే ముఖచిత్రం కనిపించేది. కొందరు పక్క అంచు మాత్రం బ్లేడుతో కోసి రికార్డు బయటకు తీసి, తొడుగును అలాగే ఉంచారు. అటువంటి ప్రతులకు సేకర్తల్లో ధర ఎక్కువ.

4. *ధ్వని జ్ఞాపకాలు:* ప్రేక్షకులు రహస్యంగా చేసిన టేపులు (చూ. బూట్‌లెగ్).

5. *సంక్రమిత జ్ఞాపకాలు:* కచేరీ చూడని తరువాతి తరం తల్లిదండ్రుల నుంచి, ‘లైవ్ ఎట్ పాంపేయీ’ వంటి సినిమాల నుంచి, నివాళి బృందాల నుంచి పొందినవి. 1988లో ఏర్పడిన ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్ షో వీటిలో ప్రసిద్ధం. గిల్మూర్ 50వ పుట్టినరోజు వేడుకలో ఈ బృందం వాయించింది.

జ్ఞాపకం ఏర్పడే తీరు

ఈ బృందం గురించిన జ్ఞాపకాలు గాఢంగా నిలవడానికి నాలుగు కారణాలు చెప్పవచ్చు.

*ఆల్బమ్ నిర్మాణం.* పాటల మధ్య విరామం లేకపోవడంతో ఆల్బమ్‌ను ఆసాంతం వినే అలవాటు ఏర్పడింది. ‘డార్క్ సైడ్’ గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. ‘ద వాల్’ చివర ఆగిపోయిన వాక్యం మొదట్లో పూర్తవుతుంది. ఇటువంటి వివరాలను ఎవరికి వారు కనిపెట్టి మరొకరికి చెప్పడం అభిమానుల మధ్య ఆచారంగా మారింది.

*ముఖచిత్రం.* స్టార్మ్ థార్గర్సన్, ఆబ్రీ పవెల్ నడిపిన హిప్నాసిస్ సంస్థ వీటిలో చాలావాటిని రూపొందించింది. ‘యాటమ్ హార్ట్ మదర్’ (1970) అట్టపై బృందం పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. మైదానంలో నిలబడిన ఆవు ఒక్కటే ఉంది. అట్టలపై వాద్యకారుల ముఖాలు అరుదు కావడంతో అభిమానులు బృందాన్ని ఆవు, పట్టకం, గాలిపంది వంటి చిహ్నాలతో గుర్తుంచుకున్నారు.

*ప్రదర్శన విధానం.* చుట్టూ అమర్చిన స్పీకర్లు, 1974 నుంచి వాడిన గుండ్రటి తెర, ప్రేక్షకుల తలల మీదుగా దూసుకొచ్చే నమూనా విమానం, గాలి నింపిన బొమ్మలు కలిసి కళ్ళకూ చెవులకూ ఏకకాలంలో పని చెప్పాయి.

*మాధ్యమం.* ఏ రూపంలో విన్నారన్నది కూడా జ్ఞాపకాన్ని మారుస్తుంది. ఎల్పీలో ‘యానిమల్స్’ ‘పిగ్స్ ఆన్ ద వింగ్’ అనే చిన్న పాటతో మొదలై అదే పాట రెండో భాగంతో ముగుస్తుంది. ఎనిమిది ట్రాకుల కార్ట్రిడ్జిలో మాత్రం ఆ రెండు భాగాలనూ స్నోయి వైట్ వాయించిన గిటార్ వాద్యంతో కలిపారు. కారులో కార్ట్రిడ్జి విన్నవారికి గుర్తున్న ఆ గిటార్ వాద్యం ఇంట్లో ఎల్పీ విన్నవారికి తెలియదు.

సేకరణ, భద్రత

వ్యవస్థీకృత సేకరణ అభిమాన పత్రికలతో మొదలైంది. బారెట్ అభిమానుల ‘టెరపిన్’ 1972లో వచ్చింది. 1983 నుంచి పదేళ్ళపాటు నడిచిన ‘ది అమేజింగ్ పుడింగ్’ పేరు ‘యాటమ్ హార్ట్ మదర్’ రచనకు ఒక దశలో పెట్టుకున్న తాత్కాలిక నామం. 1980లలోనే ‘బ్రెయిన్ డ్యామేజ్’ వచ్చింది. దాని స్థాపకుడు గ్లెన్ పోవీ తర్వాత బృందం కచేరీల సమగ్ర చరిత్రను పుస్తకంగా వెలువరించాడు.

టేపుల సేకరణలో మైక్ మిలార్డ్ పేరు ముఖ్యం. లాస్ ఏంజిలస్ ప్రాంత కచేరీలను రహస్యంగా రికార్డు చేసిన ఇతను పరికరాన్ని చక్రాల కుర్చీలో దాచి లోపలికి తీసుకెళ్ళేవాడు. 1975 ఏప్రిల్ 26న లాస్ ఏంజిలస్ స్పోర్ట్స్ ఎరీనాలో అతను చేసిన పింక్ ఫ్లాయిడ్ రికార్డింగు దశాబ్దాలపాటు చేతులు మారింది. స్టీవెన్ విల్సన్ దాన్ని శుద్ధి చేయగా, ‘విష్ యూ వర్ హియర్’ 50 ఏళ్ళ సంచిక (2025)లో అధికారికంగా చేర్చారు.

2017లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జరిగిన ‘దెయిర్ మోర్టల్ రిమెయిన్స్’ ప్రదర్శన వాద్యాలను, వేదిక సామగ్రిని, పత్రాలను ఒకచోట చేర్చింది.

విశ్వసనీయత

ప్రేక్షకుల కథనాలను యథాతథంగా చరిత్రగా తీసుకోలేం. 1971 మేలో లండన్ క్రిస్టల్ పాలెస్ బౌల్ కచేరీలో వేదిక ముందున్న కొలనులోంచి గాలి నింపిన ఆక్టోపస్ లేచింది. శబ్దానికి కొలనులో చేపలు చచ్చిపోయాయన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ప్రేక్షకులు కొలనులోకి దిగారనీ, రంగుపొగ కూడా వాడారనీ కథనాలున్నాయి కాబట్టి కారణం శబ్దమేనని తేల్చడం కష్టం.

‘డార్క్ సైడ్’ను ‘ద విజర్డ్ ఆఫ్ ఆజ్’ (1939) సినిమాతో పాటు నడిపితే రెండూ కలుస్తాయన్న నమ్మకం 1990లలో వ్యాపించింది. అది ఉద్దేశపూర్వకం కాదని బృంద సభ్యులు, ఆల్బమ్ ఇంజనీరు ఆలన్ పార్సన్స్ స్పష్టం చేశారు. దీనికి భిన్నమైన ఉదాహరణ ‘పబ్లియస్ ఎనిగ్మా’. 1994లో ‘ద డివిజన్ బెల్’ ఆల్బమ్‌లో ఒక చిక్కుముడి దాగి ఉందని ఇంటర్నెట్‌లో అజ్ఞాత వ్యక్తి ప్రకటించాడు. జూలై 18న న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్ కచేరీలో వేదిక ముందు దీపాలు ఆ రెండు పదాలనూ చూపాయి. అంటే బృందంతో సంబంధమున్న వారెవరో ఇందులో ఉన్నారు. అయినా చిక్కుముడికి పరిష్కారం వెలువడలేదు.

మరుపు అభిమానులకే పరిమితం కాదు. 1975 జూన్‌లో గుండు, గీసేసిన కనుబొమలతో అబ్బే రోడ్ స్టూడియోకు వచ్చిన బారెట్‌ను పాత మిత్రులు గుర్తుపట్టలేకపోయారు. ఆ రోజు గురించి అక్కడున్నవారు ఇచ్చిన వివరాలే ఒకదానితో ఒకటి పొసగవు. మాంట్రియల్ ఘటనకు మాత్రం ప్రేక్షకుల సాక్ష్యం, టేపు, వాటర్స్ అంగీకారం మూడూ తోడయ్యాయి. స్వతంత్ర ఆధారాలు ఇలా కలిసినప్పుడే కథనానికి బలం చేకూరుతుంది.

భారతదేశంలో

పింక్ ఫ్లాయిడ్ బృందంగా భారతదేశంలో ఎన్నడూ కచేరీ చేయలేదు. వాటర్స్ తన సొంత బృందంతో 2002లో బెంగళూరులో, 2007లో ముంబైలో ప్రదర్శనలిచ్చాడు. కాబట్టి తెలుగువారితో సహా ఇక్కడి శ్రోతలకు ఈ సంగీతంతో పరిచయం ప్రధానంగా రికార్డులు, క్యాసెట్లు, వీడియోల ద్వారానే కలిగింది. భారతీయ అభిమానుల జ్ఞాపకాల్లో కచేరీ కంటే ఆల్బమ్‌కే ఎక్కువ చోటు దక్కడానికి కారణం ఇదే.

ప్రాముఖ్యం, విమర్శ

‘డార్క్ సైడ్’ అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానంలో ఉన్నది ఒక్క వారమే. పట్టికలో మాత్రం మొత్తం 900 వారాలకు పైగా నిలిచింది. తరం తర్వాత తరం కొంటూ ఉండటాన్ని ఈ అంకె చూపుతుంది. ‘అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్’ పాటను దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష విద్యావిధానాన్ని ప్రతిఘటించిన విద్యార్థులు తమ నినాదం చేసుకోగా, 1980లో అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. వారి జ్ఞాపకంలో అది ఉద్యమ గీతం. 1988లో ‘డెలికేట్ సౌండ్ ఆఫ్ థండర్’ క్యాసెట్‌ను సోవియట్ వ్యోమగాములు అంతరిక్షంలోకి తీసుకెళ్ళారు.

విమర్శ కూడా ఉంది. 1970ల మధ్యలో వచ్చిన పంక్ తరం ఈ బృందాన్ని ఆడంబరానికి ప్రతీకగా చూసింది. సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ పింక్ ఫ్లాయిడ్‌ను ద్వేషిస్తున్నానని రాసుకున్న చొక్కా తొడిగాడు. అభిమానుల్లోనూ బారెట్ కాలమే అసలైనదనేవారు, వాటర్స్ వెళ్ళాక వచ్చిన ఆల్బమ్‌లను అంగీకరించనివారు, గిల్మూర్ నాయకత్వాన్ని సమర్థించేవారు ఉన్నారు. ఏ జ్ఞాపకాన్నయినా పరిశీలించేటప్పుడు చెప్పేవారు ఏ కాలంలో శ్రోతలయ్యారన్నది గమనించాలి.

1969–75 మధ్య బృందం వేదికపై రచనలను పెంచుకుంటూ వచ్చిన తీరును స్టూడియో ఆల్బమ్‌లు మాత్రమే విని తెలుసుకోలేం. ఆ లోటును పూడ్చింది ప్రధానంగా టేపు తీసిన, పాటల క్రమం రాసిపెట్టుకున్న, టిక్కెట్టు దాచుకున్న ప్రేక్షకులే. ఒకప్పుడు అక్రమమనిపించుకున్న మిలార్డ్ టేపు 2025 అధికారిక సంచికలో చోటు పొందడం ఆ ఆధారాల విలువకు లభించిన గుర్తింపు.